ఉప్పు ఆపిన ఎనిమిది రోజులు

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగింది మాత్రం నేనొక్కదాన్నే. మా ఆయన, ఆడబిడ్డలు అందరూ మరాఠీ బడిలో చదివారు. నేను ఆసిఫాబాద్ నుంచి కోడలిగా వచ్చాను కాబట్టి నాకు ఈ అక్షరాలు మిగిలాయి. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. రాసిన నోటుబుక్కు మంచం మీద వదిలేసి పోయినా మా అత్త చదవలేదు. ఇందులో ఆమెను తిట్టిన చోట్లున్నాయి. నన్ను నేను తిట్టుకున్న చోట్లు అంతకన్నా ఎక్కువ.

నా కూతురు శ్రావణికి ఇప్పుడు రెండేళ్లు దాటాయి. గండం గడిచిందని చుట్టాలు అంటారు. గడిచిన మాట నిజమే. ఊరికే గడవలేదు, తీసుకోవాల్సింది తీసుకుని గడిచింది. అదేమిటో ఎవరూ పైకి అడగరు, అడిగితే నేను చెప్తానని భయం.

*ఫిబ్రవరి*

మా ఊరు సరిహద్దుకు ఆవల, చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలో ఉంది. మా ఆయన రవి ఆవర్‌పూర్ వైపు సిమెంటు కంపెనీలో కాంట్రాక్టు పనికి పోతాడు. నాకు ఏడో నెల నడుస్తుండగా ఒకరోజు పొద్దున, పత్తి కట్టెలు కుప్పేస్తుంటే ఉమ్మనీరు పోయింది. బరువేమీ ఎత్తలేదు, జారి పడలేదు. తర్వాత ఎంతమంది అడిగినా ఇదే చెప్పాను, ఎవరూ నమ్మినట్టు కనబడలేదు.

చంద్రపూర్ పెద్దాసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రంలోపే పుట్టింది. ఏడుపు వినబడలేదు. రెండు నెలలు ముందొచ్చిన బిడ్డ, కిలో పైన కాస్త. రవి తన అరచెయ్యి చాచి చూపించాడు, "గింతనే ఉన్నది" అని.

పాపను అద్దాల పెట్టెలో పెట్టారు. నన్ను నాలుగో రోజు చూడనిచ్చారు. చర్మం కింద నరాలన్నీ కనబడుతున్నాయి. నాకు ప్రేమ పుట్టలేదు, భయమేసింది. తల్లులందరూ మొదటిచూపులోనే కరిగిపోతారని రాసేవాళ్లు రాసుకోనీ. నాకు ఆ రోజు వచ్చిన ఆలోచన ఒక్కటే, ఇంత చిన్నదాన్ని నేను పెంచలేను అని.

*పెట్టె ముందు రోజులు*

పెట్టెలో బిడ్డలున్న తల్లులకు ఆ హాలే ఇల్లు. గోడ వెంట చాపలు, తాడు మీద తువ్వాళ్లు, కిటికీలో స్టీలు డబ్బాలు. తలుపు తెరుచుకుని నర్సు కనబడితే చాలు, అందరం ఒక్కసారే తలలెత్తేవాళ్లం. ఆమె పిలిచే పేరు మనది కాకపోతే ఊపిరి వదిలేవాళ్లం. ఆ ఊపిరి ఇంకో ఆడదాని ముందు వదలడం తప్పని తెలుసు, అయినా వదిలేవాళ్లం.

నా పక్క చాప రాజక్కది. బొగ్గు గని కార్మికుడి భార్య, సొంతూరు పెద్దపల్లి దగ్గర. ఆమె కొడుకు నా బిడ్డకన్నా రెండు రోజులు పెద్ద. పాలు పిండి గ్లాసులో పట్టడం నాకు ఆమే నేర్పింది. "సిగ్గు పడితే బిడ్డకు పాలెక్కడియి? అటు తిరుగు, నేను అడ్డం కూసుంట" అని తన వెడల్పాటి వీపుతో హాలంతటికీ అడ్డం కూర్చునేది. ఆ వీపు వెనక నేను ఏడ్చింది కూడా చాలానే ఉంది.

మూడో వారంలో ఆమె కొడుకు పోయాడు. ఆమె అరవలేదు. తాడు మీది గుడ్డలన్నీ తీసి మడతపెట్టి నా చాప మీద పెట్టింది. "నా కొడుకుయి. ఉతికి ఎండేసిన. నీ బిడ్డకు పనికొస్తయ్, పారెయ్యకు చెల్లె." అంతే, చెప్పుల్లేకుండానే మెట్లు దిగిపోయింది. చెప్పులు పట్టుకుని నేను వెనకాల పరిగెత్తాను. పోయిన బిడ్డ గుడ్డలు అశుభమని మా అత్త వాటిని ముట్టుకోనివ్వలేదు. నేను దాచుకున్నాను. నా బిడ్డను మొదట చుట్టింది వాటిలోనే.

అప్పటికి శ్రావణి ఊపిరి కుదుటపడింది. పాలు లోపలికి పోతున్నాయి, అయినా బరువు పెరగదు. తడిసిన గుడ్డల్ని నర్సులు తూచేవాళ్లు. తూచిన ప్రతిసారీ ముఖం చిట్లించేవాళ్లు. తాగిందానికన్నా పోసేదే ఎక్కువగా ఉంది. రక్తం పరీక్ష చేస్తే ఉప్పు తక్కువ. మళ్లీ చేస్తే ఇంకా తక్కువ.

డాక్టరమ్మ మరాఠీ మనిషి. గట్టిగా మాట్లాడుతుంది, తిట్టినట్టుంటుంది, తిట్టదు. ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినబడుతుంది: "బాళాచ్యా కిడన్యా అజూన్ శికతాయత్." బిడ్డ కిడ్నీలు ఇంకా నేర్చుకుంటున్నాయి అని.

కడుపులో ఉన్నన్నాళ్లు బిడ్డ ఒంట్లో ఉప్పు సరిచూసే పని తల్లిదట. పుట్టాక ఆ పని బిడ్డ కిడ్నీలది. వాటిలో కంటికి కనబడనంత సన్నని గొట్టాలుంటాయి. రక్తం నుంచి వడగట్టిన నీళ్లు వాటిలోంచి పోతుంటే, ఒంటికి కావాల్సిన ఉప్పును ఆ గొట్టాల గోడలు మళ్లీ లోపలికి లాక్కోవాలి. ఆ పనితనం పుట్టిన రోజే పూర్తిగా రాదు. నెలలు నిండిన బిడ్డకు చాలావరకు వచ్చి ఉంటుంది, మిగతాది పుట్టాక వారాల మీద, నెలల మీద వస్తుంది. మనిషికే కాదు, పాలు తాగే ఏ జంతువు పిల్లకైనా ఇంతేనట. మా పాప ఆ నేర్పు రాకముందే బయటికి వచ్చేసింది. లోపల వేసిన ఉప్పు వేసినట్టే కారిపోతోంది.

"అయితే ఏం చేస్తారు?" అని రవి అడిగాడు.

"పోయినంత మనం పోస్తాం. అవి నేర్చుకునేదాకా."

పాలతో పాటు ఉప్పు నీళ్లు మొదలుపెట్టారు. వారం తిరగకముందే తూకం కదిలింది. నర్సు చీటీ మీద అంకె రాసి, కిటికీలోంచి నాకు చూపించి నవ్వింది. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

*ఏప్రిల్, ఇంట్లో*

నలభై తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. చేతికి ఒక చిన్న సీసా, సూదిలేని సిరంజి ఇచ్చారు. పాలు పట్టే ముందు రోజుకు ఆరుసార్లు ఉప్పు చుక్కలు. కొందరికి ఈపాటికి అవసరం తీరిపోతుంది, ఈమెకు ఇంకా తీరలేదు, మేము చెప్పేదాకా ఆపొద్దు అని డాక్టరమ్మ రవికి రెండుసార్లు, నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తలూపాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగింది కాదు.

ఇప్పుడు మా మామ సంగతి చెప్పాలి. మామకు అయిదేళ్లుగా కిడ్నీ జబ్బు. మా ఇల్లు మొత్తం ఆ జబ్బు చుట్టూనే తిరుగుతుంది. ఆయనకు వేరే గిన్నె, వేరే కూర, ఉప్పు బందు. పొద్దున లేవగానే అత్త ఆయన కాలి మడమ పైన బొటనవేలితో నొక్కుతుంది. గుంట పడి నిలిస్తే కాలికి నీరు పట్టినట్టు, ఆ రోజు కూరలో ఉప్పు రవ్వ కూడా ఉండదు. గుంట తొందరగా పూడితే చిటికెడు వేస్తుంది. అయిదేళ్లుగా ఆయనను నిలబెట్టింది ఆ వేలే అని ఊళ్లో పేరు. మాత్రల కాగితం ఎక్కడుందో అడిగితే వెతుక్కోవాలి, ఆ గుంట లెక్క మాత్రం ఎప్పుడూ తప్పదు. ఈ ఇంట్లో కిడ్నీ అన్న మాట తర్వాత వచ్చే మాట ఉప్పు బందు. మధ్యలో ఇంకేమీ లేదు.

నేను సీసా తీసిన మొదటిసారే అత్త సిరంజి పట్టుకుంది.

"ఏందది?"

"ఉప్పు నీళ్లు అత్తమ్మా. డాక్టరమ్మ ఇచ్చింది."

"కిడ్నీ బాగలేదని గదా అన్నరు? కిడ్నీ బాగలేని పిల్లకు ఉప్పేంది? మీ మామకు జర ఉప్పు ఎక్కువైతే కాళ్లెట్ల ఉబ్బుతయో నువ్వు సూస్తలేవా?"

"ఈమెది వేరే. ఈమెకు ఉప్పు పోతున్నది."

"పోతున్నదంటే ఒళ్లు బయటికి నూకుతున్నది. వద్దన్నదాన్ని మల్ల నువ్వు లోపట పోస్తున్నవ్."

నేను చదువుకున్నదాన్ని కదా, మొదటి పది రోజులు ఆమె మాట లెక్కచేయలేదు. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు వేసేదాన్ని, ఆమె వస్తే కొంగు కింద దాచేదాన్ని. దాచి చేసే పని మీద మనకే నమ్మకం సడలిపోతుందని అప్పుడు తెలియదు. పైగా ఇరుగుపొరుగు వచ్చినప్పుడల్లా ఇదే పంచాయితీ. "పసిగుడ్డుకు ఉప్పా? ఎక్కడన్న విన్నమా?" అని ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. ఒకామె తన తమ్ముడి కిడ్నీ కథ చెప్పేది, ఇంకొకామె తన పెనిమిటి కథ. ఈ వైపు ఊళ్లలో కిడ్నీ కథ లేని ఇల్లు వెతకాలి. అన్ని కథలూ ఒక్కటే చెప్పేవి.

పదకొండో రోజు పొద్దున పాప ముఖం నిండుగా కనబడింది. కళ్ల కింద కొంచెం ఉబ్బు. అత్త నోటితో అన్నట్టయితే ఎదురు చెప్పేదాన్ని. మామ కాలు నొక్కి వచ్చిన చేత్తోనే పాప పాదాన్ని తీసుకుని నా ముందు పెట్టింది, "నువ్వే నొక్కు" అని.

నొక్కాను. గుంట పడింది. నిలిచినట్టే కనబడింది.

ఆ రోజు నుంచి చుక్కలు ఆపేశాను. ఎవరూ నా చేతిలోంచి సీసా లాక్కోలేదు. అత్త మాట విని ఆపానని రాస్తే ఈ పేజీ చదవడానికి తేలికగా ఉంటుంది. కానీ ఆపింది నా వేలితో నేను నొక్కి చూసుకున్న తర్వాత, నా భయంతో నేనే. అది ఉబ్బు కాదు. నా పాలతో కొత్తగా వచ్చిన బుగ్గలు, నెలలు తక్కువ పిల్ల మెత్తని పాదం. బిడ్డ ఒళ్లు చేస్తుంటే చూసి భయపడ్డ తల్లిని నేను.

*ఆ ఎనిమిది రోజులు*

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. "సూసినవా?" అంది అత్త. మూడో రోజు నుంచి పాప ఏడవడం తగ్గించింది. పాలకు లేపితే తప్ప లేవదు. పెట్టెలో పెరిగిన పిల్ల ఇంటికొచ్చినప్పటి నుంచి కేరుకేరుమంటూ ఇల్లు పీకి పందిరేసేది, ఇప్పుడు మంచం మీద ఉందో లేదో తెలియదు. అందరం సంతోషించాం. అవును, సంతోషించాం. "ఎంత బుద్ధిమంతురాలైందో" అని చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నేను రెండు నెలల తర్వాత మొదటిసారి వరసగా నాలుగు గంటలు నిద్రపోయాను.

ఎండలు చంపుతున్నాయి. చంద్రపూర్ జిల్లా ఏప్రిల్ గురించి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు. పిల్ల నాలుక ఎండుతుందని అత్త కాచి చల్లార్చిన నీళ్లు చెంచాతో పట్టేది. నేను పక్కనే కూర్చుని మూతి తుడిచేదాన్ని. ఉన్న కాస్త ఉప్పును ఆ నీళ్లు ఇంకా పలచన చేశాయని తర్వాత తెలిసింది.

ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి పాలు పట్టబోతే మూతి కుడివైపుకు లాగింది. నవ్విందేమో అనుకున్నాను. అత్తను పిలిచాను కూడా, "సూడు అత్తమ్మా, నవ్వుతున్నది" అని. తర్వాత కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. కన్ను తెరిచే ఉంది, నన్ను చూడటం లేదు.

రవి పనిలో ఉన్నాడు. పక్కింటాయన జీపు తీశాడు. దారంతా సిమెంటు లారీలు. ఒక్కొక్కటి దాటడానికి ఒక్కో జన్మ పట్టింది. దారిలో రాజురా ఊళ్లో రవి బండి మీద వచ్చి కలిశాడు. వార్ధా వంతెన మీద చెయ్యి కొట్టుకోవడం ఆగింది. ఆగింది కదా అని అత్త దండం పెట్టింది. నాకేమో ఊపిరే ఆగిందేమోనని భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి, అలాగే పెట్టుకుని, చంద్రపూర్ దాకా వచ్చాను.

*అబద్ధం చెప్పిన పూట*

వెంటనే లోపలికి తీసుకుపోయారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. రక్తంలో ఉప్పు ప్రాణం మీదికి వచ్చేంత పడిపోయిందట. దాన్ని ఒక్కసారే పైకి లేపినా మెదడుకు దెబ్బే, మెల్లగా ఎక్కించాలి. అలా చెప్పి నా వైపు తిరిగింది.

"మీఠ్ నియమిత్ దిలం నా?" ఉప్పు తప్పకుండా ఇచ్చారు కదా?

"హో మేడమ్" అన్నాడు రవి, అవునని.

ఆమె నన్నే చూస్తోంది. అత్త నా వెనకాల ఉంది. నేను తలూపాను. ఇది నాలుగోసారి ఆమె ముందు తలూపడం.

ఆమె కాగితం మీద రాసుకుంది. కాసేపటికి మమ్మల్ని గదిలోకి పిలిచింది. అన్ని మోతాదులూ పడి కూడా ఇంత పడిపోయిందంటే ఇది నేర్చుకోవడంలో ఆలస్యం కాదు అంది. ఉప్పును పట్టుకోమని ఒళ్లు చెప్పే మాట కిడ్నీలకు పుట్టుకతోనే వినబడని జబ్బులుంటాయి, అవి జీవితాంతం ఉంటాయి, ఇక్కడ ఆ పరీక్షలు లేవు, నాగపూర్ పంపాలి. రెండింటికి అంబులెన్స్ వస్తుంది. ఈ స్థితిలో మూడు గంటల ప్రయాణం ప్రమాదమే, కానీ ఇక్కడ ఉంచడం ఇంకా ప్రమాదం.

బయటికొచ్చి హాల్లో కూర్చున్నాం. అదే హాలు. చాపల మీద వేరే ఆడవాళ్లు. గోడ మీద గడియారం పన్నెండున్నర దాటింది. రవి ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. అత్త కళ్లు మూసుకుని దేవుళ్ల పేర్లన్నీ చదువుతోంది.

నాకు తెలుసు. ఆ హాల్లో, ఆ ఆసుపత్రిలో, ఆ బిడ్డకు ఏమైందో తెలిసిన మనిషిని నేనే. డాక్టరమ్మ లేని జబ్బు కోసం వెతుకుతోంది, నేను ఉన్న జవాబు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? రవి కొడతాడా? కొట్టడు, ఆ మనిషి అలాంటివాడు కాదు. అత్త నన్ను వెళ్లగొడుతుందా? ఆమె ఏం ముఖం పెట్టుకుని వెళ్లగొడుతుంది? నిజం చెప్పాలంటే నా భయం వాళ్ల గురించి కాదు. చెప్తే అది నిజమైపోతుంది. చెప్పకపోతే ఏదో జబ్బు వల్ల అయింది, నా వల్ల కాలేదు. నా బిడ్డకు జీవితాంతం జబ్బుండాలని నేను గంటసేపు కోరుకున్నాను. ఇంతకన్నా నీచమైన కోరిక నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

ఒకటీ ముప్పావుకు ప్రయాణానికి బిడ్డను సిద్ధం చేయడానికి నర్సు తలుపు తెరిచి పట్టింది. బట్టలో చుట్టబోతూ పాదం పైకి తీసింది. మడమంతా సూది గుచ్చిన నల్లని చుక్కలు. బిడ్డ ఏడవడం లేదు. ఆ పాదానికి ఏడవడం కూడా తెలియకుండా పోయింది.

లేచి డాక్టరమ్మ గదిలోకి నడిచాను. కుర్చీ చూపించింది, కూర్చోలేదు.

"మేడమ్, ఆఠ్ దివస్ మీఠ్ దిలం నాహీ." ఎనిమిది రోజులు ఉప్పు ఇవ్వలేదు.

నా మరాఠీ ఎప్పుడూ తడబడుతుంది. ఆ వాక్యం మాత్రం తడబడలేదు.

ఆమె పెన్ను కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. "ఏ రోజు నుంచి? ఏ పూట ఆఖరుది?" అని అడిగింది. చెప్పాను. నీళ్లు పట్టారా? పట్టామన్నాను. ఎన్ని చెంచాలు? చెప్పాను. అన్నీ రాసుకుని, ఫోనెత్తి అంబులెన్స్ ఆపించింది. అప్పుడు అరిచింది. "బిడ్డను దారిలో చంపుకోవడానికి సిద్ధపడ్డావు కానీ ఈ ఒక్క మాట చెప్పడానికి కాదు!" ఆ అరుపు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. కానీ ఆమెకు పనుంది, లేచి బిడ్డ దగ్గరికి పోయింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో రవి. అంతా విన్నాడు. హాల్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూలబడి, "సీసా తగ్గుతలేదని నాకెరుకనే" అన్నాడు. "దినాం సూస్తనే ఉన్న. అమ్మతోని ఎవ్వడు కొట్లాడుతడని ఊకున్న. పిల్ల కూడ మంచిగ పండుకుంటున్నదని ఊకున్న."

అంటే డాక్టరమ్మకు 'హో' అన్నప్పుడు అతనికీ తెలుసు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చాలా రోజులు చూసుకోలేదు.

*మే*

మరో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. మూడో రోజుకు ఉప్పు దారికొచ్చింది. అయిదో రోజు ఏడ్చింది. గొంతు పిల్లి పిల్లదిలా ఉంది, అయినా హాలంతా వినబడింది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. సంతోషించే అర్హత లేదనిపించింది, సంతోషం మాత్రం వచ్చింది.

డాక్టరమ్మ అత్తను పిలిచి కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో, చేతులతో చూపిస్తూ చెప్పింది: "మీ ఆయన కిడ్నీ ఉప్పును బయటికి పంపలేదు, అందుకని లోపల నిండిపోతుంది. ఈ పిల్ల కిడ్నీ ఉప్పును పట్టుకోలేదు, అందుకని ఖాళీ అవుతుంది. ఆయనకు మందు అయినది ఈమెకు విషం." అత్త తలూపుతూనే ఉంది. బయటికొచ్చి నాతో "నాకు సదువు లేకపాయె. నీకుండె గద పిల్లా" అంది. తిట్టలేదు, దెప్పలేదు. ఉన్నమాటే అంది.

మామ ఒక్కసారి చూడటానికి వచ్చాడు. ఉబ్బిన కాళ్లతో మెట్లెక్కలేక కిందనే కూర్చుంటే నేను దిగి వెళ్లాను. "నా రోగం తీసి పిల్లకు తొడిగిండ్రు" అన్నాడు. ఆయనకు కన్నీళ్లు ఆగలేదు. ఆ వానాకాలం ఆయన పోయాడు.

ఇంటికొచ్చాక చుక్కలు నేనే వేశాను, నట్టింట్లో, అందరూ చూస్తుండగా. జూన్‌లో మోతాదు తగ్గించారు. ఆగస్టులో ఆపి, మూడు రోజులకోసారి రక్తం చూశారు. ఉప్పు నిలిచింది. "శికల్యా" అంది డాక్టరమ్మ, నేర్చుకున్నాయి అని. ఎవరూ నేర్పకుండానే, వాటి గడువు అవి చూసుకుని నేర్చుకున్నాయి. ఇంకో మూడు నెలలు మేము చుక్కలు పోస్తూ ఉండి ఉంటే చాలు. అంతే అడిగారు మమ్మల్ని.

కుడి చెయ్యి సంగతి ఎనిమిదో నెలలో బయటపడింది. గిలక్కాయ ఎప్పుడూ ఎడమ చేత్తోనే తీసుకుంటుంది. కుడి పిడికిలి బిగుసుకునే ఉంటుంది, బొటనవేలు లోపల. నెలలు నిండక పుట్టడం వల్ల కావచ్చు, మూర్ఛ వల్ల కావచ్చు, ఇదీ అని ఎవరూ చెప్పలేరు అన్నారు. ఆ మాట నా మంచికే చెప్పారని తెలుసు. నేను దాన్ని తీసుకోలేదు. ఇప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం వేడిగుడ్డ పెట్టి వేళ్లు ఒక్కొక్కటే తెరుస్తాను. శ్రావణి ఏడుస్తుంది. ఇంకా నడవదు, కుడి కాలు ఈడుస్తూ పాకుతుంది.

*పోయిన నెల*

ఆఖరి రక్తపరీక్షకు పోయాం. కాగితం చూసి డాక్టరమ్మ కిడ్నీల ఫైలు మూసేసింది. ఇక ఆమె దగ్గరికి రానక్కర్లేదు, చేతికీ కాలికీ వ్యాయామం చేయించే గదికి మాత్రం వస్తూ ఉండాలి. అక్కడ ఫైలు మూసే మాట ఎవరూ అనలేదు.

బయటికొస్తుంటే నర్సు ఆపింది. జివతి వైపు నుంచి ఒక తెలుగు పిల్ల వచ్చిందట, బిడ్డ నెలలు తక్కువది, అవే చుక్కలు రాశారు. తోడొచ్చిన తల్లి వేయనివ్వడం లేదు. "మీ భాషలో చెప్పు, మీ పాప కిడ్నీలు బాగయ్యాయని చెప్పు" అంది.

ఆ పిల్లకు ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఒళ్లో బిడ్డ, పక్కన సీసా, సీలు కూడా తీయలేదు. ఆమె తల్లి నన్ను చూడగానే మొదలుపెట్టింది. "గింత గుడ్డుకు ఉప్పేందమ్మా? మా అన్నకు కిడ్నీ ఖరాబైతే ఉప్పు ముట్టనియ్యలే ఈ డాక్టర్లే."

"మీ పాపకు బాగైందా అక్కా?" అని ఆ పిల్ల అడిగింది.

"కిడ్నీలు బాగైనయ్."

ఆమె ముఖం విప్పారింది. నర్సు అడిగింది అంతవరకే. అక్కడితో ఊరుకుని బస్సుకు పోవచ్చు. నేను శ్రావణి కుడి చెయ్యి తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇది తెరువు."

ఆమెకు అర్థం కాలేదు. వేళ్లు ఒక్కొక్కటీ పైకి లేపింది. వదిలితే మళ్లీ ముడుచుకున్నాయి. మళ్లీ లేపింది.

"డాక్టరమ్మ ఉప్పు పొయ్యమన్నది. ఎనిమిది దినాలు నేను ఆపిన. మా ఇంట్ల కూడ కిడ్నీ అంటే ఉప్పు బందే. ఫిట్స్ వచ్చినయ్. ఇగ ఇది గిట్లనే ఉంటది."

"దవాఖానల గిసుంటి మాటలేందమ్మా! లే బిడ్డా, అటు పోయి కూసుందాం" అని తల్లి ఆమె భుజం పట్టి లాగింది. ఆ పిల్ల లేవలేదు. భుజం విదిలించుకుని సీసా సీలు పళ్లతో కొరికింది. సిరంజిలోకి తీస్తుంటే సగం చీర మీద పడింది. నేను సిరంజి తీసుకుని మళ్లీ నింపాను, గీత దాకా, తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా. ఆమె బిడ్డ తల ఎత్తి పట్టుకుంది.

నా కూతురి చేతిని నలుగురికీ చూపించే వస్తువును చేశానని సిగ్గేసింది. పెద్దయ్యాక అడిగితే శ్రావణికి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. బస్సు టైం అవుతోందని రవి మెట్ల దగ్గర నుంచి పిలుస్తున్నాడు. ఆ బిడ్డ ఆఖరి చుక్క మింగేదాకా నేను లేవలేదు.